నేల నెరిగి కట్టిన కోవెల : పాలంపేట రామప్ప గుడి

ఆగమ శాస్త్రములలో ఆలయ నిర్మాణ విధికి కర్షణాది ప్రతిష్ఠాంతమని వ్యవహారము. కర్షణమనగా దున్నుట. గుడి కట్టదలచిన భూమిని ముందుగా నాగలితో దున్ని, విత్తనములు చల్లి, మొలచిన పైరును గోవులకు మేపి, ఆ గోవులు కొన్నాళ్ళు అచట తిరుగాడిన పిమ్మటనే పునాదికి సూత్రము పట్టవలెనని విధి. నేడు మనము దీనిని ఒక పూటలో ముగించుచున్నాము. చిన్న కొయ్య నాగలికి పసుపు కుంకుమలు పెట్టి, గుప్పెడు నవధాన్యములు చల్లి, మంత్రము చెప్పి లేచెదము. మంత్రమునకు లోపము లేదు గాని, ఆ విధి వెనుకనున్న పరీక్ష లోపించినది. దున్నినప్పుడు నేలలోని ఎముకలు, బొగ్గులు, పుట్టలు, డొల్లలు బయటపడును. విత్తనము ఎన్ని దినములకు మొలచునో చూచినచో నేలలోని తేమ తెలియును. పశువుల త్రొక్కుడు వలన మన్ను గట్టిపడును. శాస్త్రకారులు ఈ మూడు పనులను పుణ్యకార్యముగా చెప్పి మనచేత చేయించదలచినారు.

ఆరవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరాచార్యులు బృహత్సంహితలో మరియొక పరీక్ష చెప్పినారు. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గల గుంట త్రవ్వి, తీసిన మన్నుతోనే మరల పూడ్చవలెను. మన్ను మిగిలినచో ఉత్తమము, సరిపోయినచో మధ్యమము, చాలకున్నచో ఆ భూమి వర్జ్యము. అదే గుంటను నీటితో నింపి, నూరడుగులు నడచి తిరిగివచ్చి చూడవలెనని ఇంకొక విధానము. నీరు తగ్గకుండ నిలిచిన నేల ప్రశస్తము. ఇప్పటి ఇంజనీర్లు యంత్రములతో చేయు మట్టి పరీక్షలకును దీనికిని ఉద్దేశ్యము ఒక్కటే. జలాశయములు, ఉద్యానములు కలచోటనే దేవతలు సంతోషముతో నివసింతురని కూడ ఆ గ్రంథమే చెప్పుచున్నది. గుడి ప్రక్కన కోనేరుండుట కేవలము అలంకారమని తలచువారు ఈ విషయమును గమనింప ప్రార్థన.

ఈ మాటలు తాటాకులలో మిగిలిపోక రాతిలో నిలిచిన చోటును చూడగోరువారు ఓరుగల్లుకు ఈశాన్యముగా దాదాపు 65 కిలోమీటర్ల దూరమున, నేటి ములుగు జిల్లాలోనున్న పాలంపేటకు పోవలెను. అచటి రుద్రేశ్వరాలయమునే లోకము రామప్ప గుడి యనుచున్నది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి (1199–1262) సేనానియైన రేచర్ల రుద్రుడు దీనిని ప్రతిష్ఠించినట్లు అచటి శాసనము తెలుపుచున్నది. శాలివాహన శకము 1135, శ్రీముఖ నామ సంవత్సర చైత్ర శుద్ధ అష్టమీ భానువారము, అనగా క్రీ.శ. 1213 మార్చి 31. రామప్ప అనునది శిల్పి పేరని, శిల్పి పేర వెలసిన గుడి ఇదొక్కటేయని జనశ్రుతి. వినుటకు ఇంపైన మాటయే. శాసనము మాత్రము స్వామిని రుద్రేశ్వరుడనే పిలిచినది. మనమును శాసనమునే అనుసరించుట మర్యాద. 1922లోనే హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖకు చెందిన గులాం యజ్దానీ గారు పాలంపేట గుళ్ళపై ప్రత్యేకముగా గ్రంథము ప్రకటించినారు. 2021 జూలై 25న యునెస్కో వారు దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినారు. ఆ గుర్తింపునకు చెప్పిన కారణములలో శిల్ప సౌందర్యముతో పాటు ఆలయమునకు పరిసరములతో గల సంబంధము కూడ ఉన్నది. కొండలు, అడవి, పంట పొలములు, చెరువు, వీటి నడుమ గుడిని ఒక అంగముగా అమర్చినారని వారు ప్రత్యేకముగా పేర్కొన్నారు.

రామప్ప చెరువు ఆలయమునకు సమీపముననే యున్నది. చుట్టును కొండలు గల లోయను ఎంచుకొని, నీరు దిగజారు వైపున మాత్రము కట్ట వేసి నిలిపిన జలాశయమది. కొండలనే మూడు వైపుల గోడలుగా వాడుకొనుట చేత మనుష్య శ్రమ ఒక్క వైపునకు తగ్గినది. వాన నీరు వృథాగా పోక చెరువు చేరును, అందుండి తూముల ద్వారా పొలమునకు, మిగులు నీరు మత్తడి మీదుగా వాగునకు పోవును. పాకాల, లక్నవరము చెరువులును కాకతీయుల కాలపు ఇట్టి నిర్మాణములే. గుడి, ఊరు, చెరువు మూడును ఒక్క సంకల్పముతో వెలసినవి. గుడికి ధూపదీప నైవేద్యములు నడవవలెనన్న మాన్యము పండవలెను, మాన్యము పండవలెనన్న చెరువు నిండవలెను. కనుకనే చెరువు బాగు చూచువారికి ఆయకట్టులో పదవ భాగమును దశబంధమాన్యముగా ఇచ్చు సంప్రదాయము తెలుగునాట ఏర్పడినది. పూజారికి మాన్యము, కట్టకు మాన్యము పక్కపక్కన ఉన్న వ్యవస్థ అది. ఎనిమిది వందల ఏండ్ల తరువాత నేటికిని రామప్ప చెరువు క్రింద వరి పండుచున్నది.

అయితే చెరువు సమీపమున గుడి కట్టుటలో ఒక చిక్కు కలదు. వానకారున నేల తడిసి ఉబ్బును, వేసవిలో ఎండి కుంగును. ఏటేట ఉబ్బి కుంగు నేలపై వేల మణుగుల రాతిని నిలుపుట ఎట్లు? కాకతీయ స్థపతులు దీనికి కనుగొన్న ఉపాయము ఇసుక. పునాదికి లోతుగా గొయ్యి త్రవ్వి, దానిని ఇసుకతో నింపి గట్టిపరచి, దానిపై పీఠమును లేపినారు. ఇసుకలో సున్నము, బెల్లము, కరక్కాయ రసము చేర్చినారని ఈ విషయమును పరిశోధించినవారు చెప్పుదురు. చుట్టును గట్టి నేల ఉండుటచేత ఇసుక ప్రక్కలకు జారదు. పైబరువును అంతటికి సమముగా పంచును. నేల కదలినపుడు ఆ కదలికను కొంత తనలోనే ఇముడ్చుకొనును. రామప్ప గుడిలో ప్రవేశించిన యాత్రికుడు మొదట గమనించునది మండపపు నేల పలకలు అలలవలె ఎగుడుదిగుడుగా ఉండుట. కొందరు దీనిని చూచి నిర్మాణ దోషమనుకొందురు. క్రింద నేల అంతగా కదలినను పైన స్తంభములు, దూలములు, శిఖరము నిలిచియుండుటయే ఆ పునాది గొప్పతనమును తెలుపుచున్నది.

గోదావరి లోయలో భూకంపములు లేవని చెప్పుటకు వీలులేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతమున 5.7 తీవ్రతతో భూమి కంపించినది. 2024 డిసెంబరు 4 ఉదయమున 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపమునకు కేంద్రము ములుగు జిల్లాయే. తెలుగు జిల్లాలలో దూరదూరముల వారు సైతము ఇండ్ల నుండి బయటకు పరుగెత్తిన ఉదయమది. రుద్రేశ్వరుని గుడి నిలిచియున్నది.

ఇక పీఠము పైకి వత్తము. ఆలయము నక్షత్రాకారముగా కోణములు తీర్చిన జగతిపై, నేల నుండి సుమారు ఆరడుగుల ఎత్తున నిలిచినది. జగతి ప్రదక్షిణకు దారి అగును, వాన నీటి చెమ్మ గోడకు పాకకుండ అడ్డమును అగును. ఆలయ శరీరము ఎర్రని ఇసుకరాయి. స్తంభములు, ద్వారబంధములు, మదనికలు డోలరైటు అను నల్లరాయి. ఇసుకరాయి ఉలికి లొంగును, బరువులో తేలిక. నల్లరాయి మిక్కిలి గట్టిది, నునుపు తేలును, సూక్ష్మమైన చెక్కడమునకు నిలుచును. ఏ రాయి ఎచట నిలువగలదో ఎరిగి ఎంచుకొన్నారు. రంగమండపమునకు తూర్పు, దక్షిణ, ఉత్తర దిశల యందు ప్రవేశములు కలవు. చుట్టును పూర్తి గోడ లేదు. పొట్టి గోడయు, దానిని ఆనుకొని భక్తులు కూర్చుండుటకు కక్షాసనములును మాత్రమే యున్నవి. గాలి ఒక వైపున వచ్చి మరియొక వైపున పోవును. పైన చూరు రాళ్ళు వెడల్పుగా ముందునకు వచ్చి, మధ్యాహ్నపు ఎండను, ఏటవాలుగా కొట్టు వానను లోనికి రానీయవు. చైత్ర వైశాఖములలో నలువది డిగ్రీలు దాటు ఎండలో ఆ కక్షాసనముపై ఒక ఘడియ కూర్చున్నవారికి ఈ ఏర్పాటు ఫలము చెప్పనక్కరలేదు. ఆ చూరు క్రిందనే పన్నిద్దరు మదనికలు నిలిచియున్నారు. వారి ఫోటోలు లేని పుస్తకము లేదు. వారికి నీడనిచ్చు చూరు గురించి వ్రాసినవారు మాత్రము అరుదు.

గర్భాలయము సంగతి వేరు. అచట గాలికి దారి లేదు, గోడ మందము. నిత్యము గర్భాలయములో నిలుచు అర్చకునకు రాతి స్వభావము దేహముతోనే తెలియును. మందపు రాతి గోడ పగటి ఎండను మెల్లగా పీల్చి మెల్లగా విడుచును. అందుచేత బయట ఎండ మండుచున్నను మధ్యాహ్నము వరకు పాదముల క్రింద చల్లదనముండును. మాఘమాసపు తెల్లవారుజామున బయట వణుకు పుట్టించు చలి యున్నను లోపల వెచ్చన. అభిషేక జలము సోమసూత్రము ద్వారా ఉత్తరముగా బయటకు పోవును. మిగిలిన తేమ రాతి సందులలో నుండి ఆరిపోవును.

శిఖరమునకు వాడిన ఇటుకలు నీటిలో తేలునని అందరును వినియుందురు. బంకమట్టిలో రంపపు పొట్టు, ఊక వంటివి కలిపి కాల్చినందున అవి మాడిపోయి, ఇటుక లోపల సన్నని గుల్లలు ఏర్పడినవని పరిశోధకుల వివరణము. ఆ ఇటుక నీటికంటె తేలిక. శిఖరమును రాతితోనే కట్టియుండినచో క్రింది గోడలపైన, ఇసుక పునాదిపైన ఎంత భారము పడెడిదో ఊహింపవచ్చును. పునాది మెత్తనిది కనుక శిరోభాగము తేలికగా ఉండవలెను. క్రింది ఇసుకకును పై ఇటుకకును ఈ సంబంధము కలదు. తేలు ఇటుకను చూచి అబ్బురపడి ఊరకున్నచో స్థపతి యోచన మనకు సగమే తెలిసినట్లు.

నేల మారినచో పద్ధతి మారును. అదే తెలుగుసీమలో దక్షిణముగా లేపాక్షికి పోయినచో అచట కూర్మశైలమను బండయే పీఠము. పదునారవ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలములో విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయమునకు ఇసుక పునాదితో పనిలేదు. కొండ చరియను ఆధారము చేసికొని ప్రాకారములు లేచినవి. ఆవరణలోని గుండునే ఏడు పడగల నాగేంద్రునిగా మలచినారు. వానలు అతిగా కురియు మలబారు తీరమున మన చదును రాతి కప్పు పనికిరాదు. అచటి దేవాలయములకు ఏటవాలుగా దిగు కొయ్య కప్పు, దానిపై రాగి రేకు లేక పెంకు. ఆగమము ఒక్కటే, మంత్రము ఒక్కటే, కప్పు మాత్రము మేఘము చెప్పినట్లు. ఈ భేదమును గమనింపక ఒక ఊరి గోపురపు నమూనాను తెచ్చి మరియొక ఊర దింపుట ఈ మధ్య అలవాటైనది.

ఇక జీర్ణోద్ధరణ విషయము. పండ్రెండేండ్లకు ఒకమారు కుంభాభిషేకమో, సంప్రోక్షణమో చేయు సంప్రదాయము మనకున్నది. తిరుమలలో 2018 ఆగస్టులో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము ఈ క్రమముననే జరిగినది. విగ్రహమునకును పీఠమునకును నడుమ ఉంచు అష్టబంధనములో లక్క, గుగ్గిలము, తేనెమైనము, కావి, వెన్న మొదలైనవి చేరును. వీటిని రోకళ్ళతో గంటల తరబడి దంచి, సాగు ముద్దగా చేసి, వేడిమీదనే అద్దవలెను. మూలమూర్తి రాయి వేరు, పీఠము రాయి వేరు. ఎండకు చలికి, అభిషేకపు చన్నీటికి వేడి నీటికి రెండును కొలది కొలదిగా వ్యాకోచించును, సంకోచించును. ఆ కదలికకు లొంగునట్టి బంధనమే వాటి నడుమ ఉండవలెను. కాలక్రమమున నూనె గుణము ఆరి అది బిరుసెక్కును, పగుళ్ళు పుట్టును, నీరు దిగును. కనుక మార్చవలెను. పండ్రెండేండ్ల నియమము ఆ విధముగా ఆ పదార్థపు ఆయుష్షుకును సరిపోవుచున్నది. కొన్ని చోట్ల త్వరపడి పీఠము చుట్టును సిమెంటు పూసినారు. సిమెంటు లొంగదు. అది పగులును, లేదా రాతిని పగులగొట్టును. శాస్త్రదృష్టితో చూచినను, తాపీపని దృష్టితో చూచినను అది దోషమే.

సున్నమునకును సిమెంటునకును గల భేదము ఇదే. పూర్వులు సున్నమును నానవేసి, ఇసుకతో చేర్చి గానుగలో ఎద్దులతో త్రిప్పించి, బెల్లపు నీరు, కరక్కాయ నానిన నీరు పోసి డంగు సున్నము సిద్ధపరచెడివారు. అది గట్టిపడుటకు కాలము పట్టును గాని, గట్టిపడిన పిదప కూడ తేమను లోనుండి బయటకు పోనిచ్చును. పాత ఇటుక శిఖరముపై సిమెంటు పూత వేసినచో, ఎచటనో ఒక సన్నని చీలికలో దిగిన వాన నీరు బయటకు వచ్చు దారి లేక లోననే నిలుచును. ఇటుక నానును, ఉప్పు పేరుకొనును, నాలుగైదు వానకారులకు పూత పెచ్చులుగా ఊడును. పాత రాతి నేలపై సిమెంటు వేసి, నునుపు గ్రానైటు పలకలు పరచినచో నేల తేమ ప్రక్కలకు పోయి గోడలెక్కును. గర్భాలయపు గోడలకు తైలపు రంగులు వేసినచో రాయి చెమర్చును. చూచుటకు క్రొత్తదనము వచ్చును, భక్తులు సంతోషింతురు, దాత పేరుతో ఫలకము వెలయును. ఆ సంతోషము మరుసటి కుంభాభిషేకము వరకు నిలువదు.

ఓపికతో చేసిన జీర్ణోద్ధరణకు దృష్టాంతము హనుమకొండలోనే యున్నది. రుద్రదేవ మహారాజు 1163లో ప్రతిష్ఠించిన వేయి స్తంభముల గుడి కల్యాణమండపము ఒరిగి శిథిలము కాగా, 2006లో దానిని ఏ రాయికి ఆ రాయిగా విప్పినారు. పనులు చాల ఏండ్లు సాగినవి. ఆలస్యమునకు ఓరుగల్లు వాసులు ఎంతగానో విసిగినారు. కాని పాత పద్ధతినే పునాదిని ఇసుకతో నిలిపి, ఆ స్తంభములనే తిరిగి నిలిపి, 2024 మార్చి 8న శివరాత్రి పర్వదినమున మండపమును భక్తులకు తెరచినారు. దాదాపు పదునెనిమిదేండ్లు. సిమెంటు కాంక్రీటుతో ఒక్క ఏడాదిలో మండపము కట్టవచ్చుననుటలో సందేహము లేదు. అయితే అది కాకతీయుల మండపము కాజాలదు.

మన ఆలయపు శిఖరమునకు ఈ మారు డంగు సున్నమే వాడవలెనని నిర్ణయమగుటకు ముందు చాల చర్చ జరిగినది. ఖర్చు ఎక్కువ, పనివారు దొరకరు, ముహూర్తము దగ్గరపడుచున్నది అను మాటలన్నియు న్యాయమైనవే. తుదకు పెద్దలు అంగీకరించినారు. సున్నపు పని ఎరిగిన వృద్ధ మేస్త్రీ చేతి క్రింద మన ఊరి యువకులు నలుగురు ఆ పని నేర్చుకొనుట ఈ జీర్ణోద్ధరణలో నాకు మిక్కిలి తృప్తి కలిగించిన విషయము. రాతి స్తంభములపై ఏండ్ల తరబడి పేరుకొన్న సున్నపు పొరలను ఇసుక చిమ్ము యంత్రముతో గాక, నీటితో నానబెట్టి కొయ్య పలుగులతో చేతిపనిగా తీసినారు. మహామండపము దక్షిణ భాగమున సున్నము క్రింద మరుగునపడిన పద్మపు పట్టీ బయటపడినది. యంత్రముతో తీసియుండినచో ఆ రేకుల అంచులు అరిగియుండెడివి.

కోనేటి విషయము ఇంకను తేలలేదు. దానిని పూడ్చి వాహనములు నిలుపు స్థలముగా చేయవలెనని కొందరు దాతల అభిప్రాయము. ఆ దాతల భక్తిని శంకింపను. పర్వదినములలో వాహనముల ఇబ్బంది నిజమే. కాని మన గుడి ఈశాన్యమున పల్లమున్నది, ఆలయ ప్రాకారపు వాన నీరంతయు ఆ కోనేటిలోనికే దిగును. అది పూడినచో ఆ నీరు నిలుచుటకు మిగులు చోటు గుడి పునాదియే. రేపు సంఘ సమావేశమునకు వచ్చు పెద్దలు ముందుగా ఒక మూరెడు గుంట త్రవ్వించి, నీరు పోయించి, నూరడుగులు నడచి వచ్చి చూడవలెనని నా మనవి. గుంట త్రవ్వు చోటును నేను చూపెదను.